ప్రోటాన్ చికిత్సలో డోసు గణనపై పరిశోధన: నీటి తొట్టి నుంచి రోగి సీటీ దాకా ఒక మార్గదర్శి

ఎక్స్‌రేలతో చేసే రేడియేషన్ చికిత్సలో, కిరణం దారిలో ఉన్న కణజాలం సాంద్రతను కాస్త తప్పుగా అంచనా వేసినా కణితికి చేరే డోసు ఒకటి రెండు శాతం తగ్గడమో పెరగడమో జరుగుతుంది. ప్రోటాన్లతో అలా కాదు. ప్రతి మిల్లీమీటరుకు ప్రోటాన్ వదిలే శక్తి ప్రయాణం చివరి కొన్ని మిల్లీమీటర్లలో అమాంతం పెరుగుతుంది, ప్రోటాన్ అక్కడే ఆగిపోతుంది. ఆ ఆగే చోటు లెక్కలో 4 మి.మీ. తప్పితే, కణితి వెనుక అంచుకు డోసు అసలు అందకపోవచ్చు, లేదా దాని వెనుకనున్న మెదడు కాండానికో వెన్నుపాముకో పూర్తి డోసు తగలవచ్చు. ఈ చికిత్స గొప్పదనమూ ప్రమాదమూ రెండూ ఆ ఒక్క గుణంలోనే ఉన్నాయి కనుక, డోసు గణనలో జరిగే పరిశోధన అంతా చివరికి ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ప్రోటాన్ ఎక్కడ ఆగుతుంది, ఆ మాట ఎంత నమ్మకంగా చెప్పగలం?

ప్రోటాన్లను ఇలా వాడవచ్చని రాబర్ట్ విల్సన్ 1946లో రాశారు. 1954లో బెర్క్‌లీలో తొలి రోగికి చికిత్స జరిగింది, 1990లో కాలిఫోర్నియాలోని లోమా లిండాలో ఆసుపత్రి ఆవరణలోనే యంత్రం వెలిసింది. మన దేశంలో 2019లో చెన్నైలో అపోలో కేంద్రం, ఆ తర్వాత నవీ ముంబైలో టాటా మెమోరియల్ వారి కేంద్రం మొదలయ్యాయి. ఎమ్మెస్సీ మెడికల్ ఫిజిక్స్ లేదా రేడియాలజికల్ ఫిజిక్స్ డిప్లొమా చదువుతూ, ఈ రంగంలో మొదటి పరిశోధన చేపట్టబోతున్న తెలుగు విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని ఈ మార్గదర్శిని రాస్తున్నాను. ఎంచుకున్న సమస్య ఒక్కటే: ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌లోని పెన్సిల్ బీమ్ గణన (బీమ్‌ను సన్నని పోగులుగా తీసుకుని సూత్రాలతో వేగంగా లెక్కించే పద్ధతి) ఇచ్చిన డోసును మాంటే కార్లో గణనతో (ఒక్కో ప్రోటాన్ ప్రయాణాన్ని యాదృచ్ఛిక సంఖ్యలతో అనుకరించే పద్ధతి) సరిచూడడం. ఈ పని క్రమం చేతికి వస్తే తక్కిన సమస్యలకూ చాలా వరకు అదే క్రమం పనికొస్తుంది.

మొదటి అడుగు: ప్రశ్నను ఇరుకు చేసుకోవడం

"పెన్సిల్ బీమ్ కంటే మాంటే కార్లో మెరుగా?" అన్నది పరిశోధన ప్రశ్న కాదు, దానికి జవాబు అందరికీ తెలుసు. "ముక్కు పక్క గాలి గదుల గుండా బీమ్ వెళ్లే తల, మెడ కేసుల్లో, కణితి వెనుక అంచున రెండు గణనల మధ్య రేంజ్ (ప్రోటాన్ ఆగే లోతు) తేడా ఎంత, అది మనం వదులుతున్న మార్జిన్ (కణితి దాటి అదనంగా కలిపే హద్దు) లోపల ఉందా?" అన్నది ప్రశ్న. ఇందులో శరీర భాగం ఉంది, కొలవాల్సిన రాశి ఉంది, ఎంత తేడాను పెద్దదిగా భావించాలో చెప్పే కొలబద్ద ఉంది. చాలా కేంద్రాల్లో రేంజ్‌కు 3.5 శాతం, దానిపై 1 నుంచి 3 మి.మీ. మార్జిన్ వదలడం వాడుకలో ఉంది. 15 సెం.మీ. లోతున ఉన్న కణితికి అది 6 నుంచి 8 మి.మీ. పైమాట. ఆరోగ్యంగా ఉన్న కణజాలానికి ఆ మేరకు పూర్తి డోసు ఇస్తున్నామన్నమాట. మీ పరిశోధన ఆ మార్జిన్‌లో 1 మి.మీ. తగ్గించగలిగినా, లేదా ఒక కేసులో అది చాలదని చూపగలిగినా, రోగికి నేరుగా మేలు చేసినట్టే.

రెండో అడుగు: కంప్యూటర్ తెరవకముందు చేతితో లెక్క

ఈ అడుగును చాలామంది దాటేస్తారు. దాటకండి. నీటిలో ప్రోటాన్ రేంజ్ 70 ఎంఈవీకి (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు, ప్రోటాన్ శక్తికి కొలమానం) సుమారు 4.1 సెం.మీ., 100కు 7.7, 150కి 15.8, 200కు 26, 230కి దాదాపు 33 సెం.మీ. ఈ అంకెలు నోటికి వచ్చి ఉండాలి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ వారి పీస్టార్ పట్టికలో ఇవన్నీ ఉచితంగా దొరుకుతాయి.

ఆ తర్వాత మూడు ప్రక్రియలను వేర్వేరుగా అర్థం చేసుకోండి. మొదటిది ఎలక్ట్రాన్లతో తాకిడి వల్ల శక్తి కోల్పోవడం. రేంజ్‌ను నిర్ణయించేది ఇదే, ప్రయాణం చివర డోసు ఒక్కసారిగా పెరిగే బ్రాగ్ శిఖరాన్ని నిలబెట్టేదీ ఇదే. ఒకే శక్తితో బయల్దేరిన ప్రోటాన్లన్నీ సరిగ్గా ఒకేచోట ఆగవు, ఆ చెదురు రేంజ్‌లో సుమారు 1.1 శాతం ఉంటుంది. రెండోది కేంద్రకాల విద్యుత్ క్షేత్రం వల్ల పదేపదే జరిగే చిన్న చిన్న వంకర్లు. వీటివల్ల సన్నగా బయల్దేరిన బీమ్ చివరికి వచ్చేసరికి రేంజ్‌లో దాదాపు 2 శాతం సిగ్మాతో (ప్రామాణిక విచలనం, పరుచుకున్న వెడల్పుకు కొలత) పక్కలకు పరుచుకుంటుంది, అంటే 15.8 సెం.మీ. లోతున 3 మి.మీ. పైగా. మూడోది కేంద్రక చర్యలు. ప్రతి సెంటీమీటరుకు దాదాపు ఒక శాతం ప్రోటాన్లు ఇలా దారి మధ్యలోనే పోతాయి, వాటి నుంచి పుట్టిన ద్వితీయ ప్రోటాన్లు బీమ్ చుట్టూ పలుచని, వెడల్పైన డోసు పొరను వదులుతాయి. ఒక్క స్పాట్ (ఒకచోటికి గురిపెట్టి పంపే సన్నని బీమ్) చుట్టూ ఈ పొర కంటికి ఆనదు. వేల స్పాట్లు కలిసిన పెద్ద ఫీల్డ్‌లో మాత్రం అది కొన్ని శాతాల డోసుగా పోగుపడుతుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. 150 ఎంఈవీ ప్రోటాన్‌కు నీటిలో మాస్ స్టాపింగ్ పవర్ (యూనిట్ దూరానికి కోల్పోయే శక్తిని సాంద్రతతో భాగించిన విలువ) సుమారు 5.44 ఎంఈవీ సెం.మీ.² ప్రతి గ్రాముకు. చదరపు సెంటీమీటరుకు 100 కోట్ల ప్రోటాన్లు పడితే, 5.44ను 100 కోట్లతో, ఆపై గ్రాముకు ఎంఈవీని డోసు కొలమానమైన గ్రేలోకి మార్చే 1.602 × 10⁻¹⁰ తో గుణించాలి. నీటి ఉపరితలం దగ్గర వచ్చే డోసు సుమారు 0.87 గ్రే. కేంద్రక చర్యల వాటా కలిస్తే ఇంకాస్త పెరుగుతుంది. రేపు మీ సిమ్యులేషన్ ఇదే పరిస్థితికి 0.087 అనో 8.7 అనో చెప్పితే, యూనిట్లలోనో వోక్సెల్ (లెక్క కోసం విడదీసిన చిన్న ఘనపు గడి) ద్రవ్యరాశిలోనో తప్పు జరిగిందని అప్పటికప్పుడే తెలిసిపోతుంది.

మూడో అడుగు: పనిముట్లు

మాంటే కార్లోకు సెర్న్ నేతృత్వంలో పుట్టిన జియాంట్4, దానిపై కట్టిన టోపాస్, గేట్ ప్రోగ్రాములు, వేరే వంశానికి చెందిన ఫ్లూకా విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. వేగం కావాలంటే బెల్జియంలో తయారైన ఎంసీస్క్వేర్ లాంటివి ప్రోటాన్ చికిత్సకే పరిమితమై తక్కువ సమయంలో లెక్క తేలుస్తాయి. పెన్సిల్ బీమ్ వైపు, ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ మీకు అందుబాటులో లేకపోతే జర్మన్ క్యాన్సర్ పరిశోధనా కేంద్రం వారి మాట్‌రాడ్ ఉచితంగా దొరుకుతుంది. దాని మూలకోడ్ తెరిచి చదవవచ్చు, అభ్యాసం కోసం రోగుల సీటీ డేటా కూడా దానితోపాటే వస్తుంది. మొదటి పరిశోధనకు నా సలహా టోపాస్, మాట్‌రాడ్ జంట. టోపాస్‌లో సీ ప్లస్ ప్లస్ రాయకుండా పారామీటర్ ఫైలుతోనే పని నడుస్తుంది, మాట్‌రాడ్‌లో పెన్సిల్ బీమ్ గణన ప్రతి వరుసా కళ్లకు కనిపిస్తుంది. లోపల ఏం జరుగుతోందో కనబడని సాఫ్ట్‌వేర్‌లో తేడా దొరికినా, అది ఎందుకు వచ్చిందో చెప్పడం కష్టం.

నాలుగో అడుగు: బీమ్ మోడల్

పరిశోధన నాణ్యత ఎక్కువగా ఇక్కడే తేలుతుంది కాబట్టి దీనికి తీరిక ఇవ్వండి. యంత్రం తెరపై 150 ఎంఈవీ అని చూపినంత మాత్రాన సిమ్యులేషన్‌లో 150 అని పెట్టకూడదు. కొలిచిన డోసు వక్రరేఖకు సరిపోయే శక్తిని వెతకాలి. క్రమం ఇలా ఉంటుంది.

ముందుగా, నీటి తొట్టిలో పెద్ద వ్యాసం గల బ్రాగ్ పీక్ ఛాంబర్‌తో కొలిచిన లోతు వక్రరేఖలో, శిఖరం దాటాక డోసు 80 శాతానికి పడిపోయే లోతును తీసుకోండి. దీన్ని ఆర్80 అంటారు. బీమ్‌లో శక్తి చెదురు ఎంత ఉన్నా ఈ బిందువు దాదాపు కదలదు కనుక సగటు శక్తిని దీనికే సరిపెట్టాలి, శిఖరం ఎత్తుకు కాదు. సగటు శక్తి కుదిరాక, శిఖరం వెడల్పు సరిపోయేదాకా శక్తి చెదురును మార్చండి. ఈ రెండింటినీ ఒకేసారి వెతికితే ఒకదాని తప్పును మరొకటి కప్పిపెడుతుంది. ఛాంబర్ వ్యాసం 8 లేదా 12 సెం.మీ. అయినప్పుడు కేంద్రక చర్యల పొరలో కొంత భాగం ఛాంబర్ బయటే ఉండిపోతుంది. అందువల్ల సిమ్యులేషన్‌లో డోసు లెక్కించే వృత్తం కూడా అదే వ్యాసంతో ఉండాలి. అనంతమైన పలకలో లెక్కించిన వక్రరేఖను ఛాంబర్ కొలతతో పోల్చితే, శిఖరానికి ముందున్న భాగంలో కారణం తెలియని తేడా కనబడుతుంది.

తర్వాత గాలిలో స్పాట్ పరిమాణం. ఐసోసెంటర్ (యంత్రం తిరిగే కేంద్ర బిందువు) దగ్గర ఒక్కచోట కొలిస్తే చాలదు. దానికి ముందూ వెనుకా కొన్ని తలాల్లో కొలిచి, బీమ్ కుంచించుకుంటోందో విచ్చుకుంటోందో మోడల్‌లోకి ఎక్కించాలి. రేంజ్ షిఫ్టర్ వాడే కేసుల్లో ఇది మరీ ముఖ్యం. 70 ఎంఈవీ కంటే తక్కువ శక్తిని చాలా యంత్రాలు ఇవ్వలేవు కాబట్టి 4 సెం.మీ. కంటే తక్కువ లోతులో ఉన్న కణితికి దారిలో రేంజ్ షిఫ్టర్ అనే ప్లాస్టిక్ పలక పెడతారు. ఆ పలకలో వంకర తిరిగిన ప్రోటాన్లు రోగిని చేరేలోగా గాలి ఖాళీలో విచ్చుకుంటాయి. ఖాళీ ఎంత పెరిగితే స్పాట్ అంత లావెక్కుతుంది.

ఆఖరున సంపూర్ణ డోసు. మానిటర్ యూనిట్‌కు (యంత్రం తాను పంపిన బీమ్‌ను లెక్కపెట్టే ప్రమాణం) ఎన్ని ప్రోటాన్లు అన్నది అంతర్జాతీయ అణుశక్తి సంస్థ టీఆర్‌ఎస్ 398 నియమావళి ప్రకారం కొలిచిన డోసుతో తేల్చాలి. దీన్ని ఒకే శక్తి దగ్గర తేల్చి మిగతా అన్నింటికీ వర్తింపజేయకండి, ఈ సంఖ్య శక్తిని బట్టి మారుతుంది.

ఇక్కడ ఒక సూక్ష్మమైన విషయం చెప్పాలి. స్టాపింగ్ పవర్ లెక్కలో వాడే నీటి సగటు ఉత్తేజక శక్తిని, రేడియేషన్ కొలతల అంతర్జాతీయ సంస్థ ఐసీఆర్‌యూ వారి పాత 49వ నివేదిక 75 ఎలక్ట్రాన్ వోల్టులుగా తీసుకుంది, 2016 నాటి ఐసీఆర్‌యూ 90 దాన్ని 78గా మార్చింది. ఈ మార్పు 150 ఎంఈవీ ప్రోటాన్ రేంజ్‌ను దాదాపు అర శాతం, అంటే 0.8 మి.మీ. దగ్గర పెంచుతుంది. బీమ్ శక్తిని కొలిచిన రేంజ్‌కే సరిపెడతాము కనుక నీటిలో ఈ తేడా కనబడదు. ఎముకకో కొవ్వుకో నీటితో నిష్పత్తి వేసేటప్పుడు మాత్రం అది బయటపడుతుంది. సీటీ నుంచి వచ్చే పట్టిక ఒక విలువతోనూ, సిమ్యులేషన్ మరొక విలువతోనూ నడిస్తే, లేని రేంజ్ తేడాను మనమే పుట్టించి దానిపై వ్యాసం రాసే ప్రమాదం ఉంది. రెండు చోట్లా ఏ విలువ ఉందో మొదటి రోజే చూసి రాసిపెట్టుకోండి.

ఐదో అడుగు: సీటీ అంకెల నుంచి స్టాపింగ్ పవర్‌కు

సీటీ స్కానర్ ఎక్స్‌రేలు ఎంత క్షీణించాయో చెబుతుంది. ప్రోటాన్ ఎంత శక్తి కోల్పోతుందో చెప్పదు. ఆ రెండింటికీ మధ్య వంతెన వేయడానికి 1996లో ష్నైడర్, పెద్రోని, లోమాక్స్ ప్రతిపాదించిన స్టాయికియోమెట్రిక్ పద్ధతి నేటికీ ప్రామాణికం. రసాయన కూర్పు తెలిసిన ప్లాస్టిక్ ముక్కలను స్కాన్ చేసి ఆ స్కానర్ గుణాన్ని కొన్ని గుణకాల్లో పట్టుకుని, వాటితో నిజమైన మానవ కణజాలాల హౌన్స్‌ఫీల్డ్ సంఖ్యలను (సీటీ అంకెలను) లెక్కగట్టి, వాటికి ఎదురుగా స్టాపింగ్ పవర్ నిష్పత్తిని నిలపడం ఆ పద్ధతి. ప్లాస్టిక్ ముక్కల బిందువులను నేరుగా గీతతో కలిపేయడం దగ్గరి దారిలా కనిపిస్తుంది. అయితే ప్లాస్టిక్ కూర్పు కణజాలం కూర్పు ఒకటి కాదు కనుక ఆ గీతను నమ్మలేము. రెండు శక్తులతో తీసే సీటీ ఈ అనిశ్చితిని తగ్గిస్తుందని జర్మనీలోని డ్రెస్డెన్ బృందం చేసిన కృషి చూపింది. మార్జిన్ తగ్గించడం మీ లక్ష్యమైతే ఆ దిశలో చదవండి.

మాంటే కార్లోకు స్టాపింగ్ పవర్ ఒక్కటే చాలదు, ప్రతి వోక్సెల్‌కు సాంద్రత, మూలకాల కూర్పు కావాలి. పెన్సిల్ బీమ్‌కు ఇచ్చిన పట్టిక, మాంటే కార్లోకు ఇచ్చిన పట్టిక ఒకే స్టాపింగ్ పవర్‌ను ఇస్తున్నాయో లేదో ప్రతి కణజాలానికీ విడిగా సరిచూడండి. ఒక్కో కణజాలంతో సజాతీయమైన దిమ్మె తయారుచేసి రెండు పద్ధతుల్లోనూ ఆర్80 కొలిస్తే సరిపోతుంది. ఇది చేయకపోతే గణన పద్ధతుల తేడా ఏది, పట్టికల తేడా ఏది అన్నది తర్వాత విడదీయలేరు. లోహపు ఇంప్లాంట్లు ఉన్న కేసులను మొదటి పరిశోధనలో పక్కనపెట్టండి. మామూలు 12 బిట్ సీటీలో అంకె 3071 దగ్గర ఆగిపోతుంది, టైటానియం, ఉక్కు రెండూ అక్కడ ఒకేలా కనిపిస్తాయి.

ఆరో అడుగు: రోగి కంటే ముందు పలకలు

నేరుగా రోగి సీటీపైకి వెళ్లాలన్న తొందర అందరికీ ఉంటుంది. కానీ తేడా ఎక్కడ పుడుతుందో కళ్లతో చూడాలంటే సులువైన ఆకృతులే మేలు. నీటి దిమ్మెలో, 2 సెం.మీ. లోతు నుంచి మొదలయ్యేలా, సగం వెడల్పున 3 సెం.మీ. మందం ఎముక, మిగతా సగాన అంతే మందం గాలి ఉంచండి. ఆ రెండింటి సరిహద్దుపై సరిగ్గా గురిపెట్టి 4 మి.మీ. సిగ్మా గల ఒకే ఒక్క స్పాట్ పంపండి.

సరళమైన పెన్సిల్ బీమ్ గణన స్పాట్ మధ్య రేఖ వెంట ఉన్న పదార్థాన్ని చూసి, పక్కలకూ అదే పదార్థం పరుచుకుని ఉందనుకుంటుంది. మధ్య రేఖ ఎముక వైపు ఒక్క వోక్సెల్ జరిగితే మొత్తం స్పాట్ ఎముక గుండా వెళ్లినట్టు ఒక శిఖరం, గాలి వైపు జరిగితే దానికంటే 4 సెం.మీ. పైగా ఎక్కువ లోతున మరో శిఖరం ఇస్తుంది. నిజంలో సగం ప్రోటాన్లు ఎముకలో, సగం గాలిలో వెళ్తాయి. మాంటే కార్లో చిత్రంలో రెండు పొట్టి శిఖరాలు, వాటి మధ్య ఎముక నుంచి గాలిలోకి వంకర తిరిగిన ప్రోటాన్ల పలుచని డోసు కనిపిస్తాయి. స్పాట్‌ను చిన్న చిన్న ఉపబీములుగా చీల్చే మెరుగైన పెన్సిల్ బీమ్ పద్ధతులు రెండు శిఖరాలను చూపగలవు, మధ్యలోని ఆ డోసును మాత్రం సరిగా పట్టుకోలేవు. ఈ మూడు చిత్రాలను పక్కపక్కన పెట్టుకుని చూస్తే తల, మెడ, ఊపిరితిత్తుల కేసుల్లో తేడా ఎందుకు వస్తుందో స్పష్టమవుతుంది. ఊపిరితిత్తుల విషయంలోనైతే పెన్సిల్ బీమ్‌ను వాడవద్దని, ఫాంటమ్ (శరీరానికి బదులుగా వాడే పరీక్షా నమూనా) కొలతల ఆధారంగా అమెరికా పరిశోధకులు 2017లోనే తేల్చిచెప్పారు.

ఏడో అడుగు: రోగి సీటీపై గణన

ప్లాన్, సీటీ, అవయవాల రేఖలు డైకామ్ (వైద్య చిత్రాల ప్రామాణిక రూపం) ఫైళ్లుగా వస్తాయి. రోగి గుర్తింపు వివరాలను తొలగించాకే వాటిని మీ కంప్యూటర్‌లోకి తీసుకోండి, సంస్థ నైతిక కమిటీ అనుమతి అంతకుముందే ఉండాలి. దిక్కుల విషయంలో తప్పులు తరచుగా జరుగుతాయి కాబట్టి ఒక మూలకు మాత్రమే డోసు పడే కృత్రిమ ప్లాన్‌తో ఎడమ కుడి, ముందు వెనుక, గ్యాంట్రీ (రోగి చుట్టూ బీమ్‌ను తిప్పే చట్రం) కోణం దిశ సరిచూసుకోండి.

గణాంక అనిశ్చితి కణాల సంఖ్య వర్గమూలానికి విలోమంగా తగ్గుతుంది. అనిశ్చితి సగం కావాలంటే నాలుగు రెట్ల కణాలు నడపాలి. గరిష్ఠ డోసులో సగానికి మించిన వోక్సెళ్లలో సగటు అనిశ్చితి ఒక శాతం లోపు ఉండేలా చూసుకుని, ఆ అంకెను ఫలితాలతోపాటు ప్రకటించండి. క్లస్టర్‌పై పనిని ముక్కలుగా పంచేటప్పుడు ప్రతి ముక్కకూ వేరు వేరు యాదృచ్ఛిక బీజసంఖ్య ఇవ్వాలి. అన్నింటికీ ఒకే బీజం వెళ్తే నూరు ముక్కలూ అవే ప్రోటాన్లను మళ్లీ మళ్లీ నడుపుతాయి. లెక్క నూరు రెట్లు పెరిగినట్టు కనిపిస్తుంది గాని డోసు చిత్రంలోని మచ్చలు కొంచెం కూడా తగ్గవు.

మరొక సంగతి: మాంటే కార్లో సహజంగా ఆయా కణజాలంలోని డోసును ఇస్తుంది, పెన్సిల్ బీమ్ నీటిలోని డోసును ఇస్తుంది. మృదు కణజాలంలో తేడా స్వల్పం, గట్టి ఎముకలో అది 10 శాతం చుట్టూ ఉంటుంది. రెండింటినీ ఒకే నిర్వచనంలోకి మార్చకుండా పోల్చితే ఎముకలన్నీ ఎర్రగా వెలిగే చిత్రం వస్తుంది, అందులో కొత్త విషయమేదీ ఉండదు.

ఎనిమిదో అడుగు: పోలిక, కొలత

1998లో డేనియల్ లో ప్రతిపాదించిన గామా సూచికను (డోసు తేడాను, దూరం తేడాను కలిపి రెండు డోసు చిత్రాలను పోల్చే కొలతను) అందరూ వాడతారు, మీరూ వాడండి. కానీ 3 శాతం, 3 మి.మీ. ప్రమాణంతో నడిపితే, బీమ్ అంతా 2.5 మి.మీ. వెనక్కు జరిగినా ప్రతి బిందువూ పాసవుతుంది. మనం వెతుకుతున్నదే ఆ తేడా. కనుక గామాతోపాటు కణితి వెనుక అంచు వెంట బీమ్ దిశలో ఆర్80 తేడాల పటం గీయండి, కణితిలో 95 శాతం ఘనపరిమాణానికి అందే డోసును, పక్క అవయవాల గరిష్ఠ డోసులను విడిగా ఇవ్వండి. ప్లాన్ రూపొందించేటప్పుడు లెక్కలోకి తీసుకున్న రేంజ్, సెటప్ పొరపాట్ల దృశ్యాలన్నింటినీ మాంటే కార్లోలో తిరిగి నడిపితే మీ పని విలువ చాలా పెరుగుతుంది.

రెండు గణనలు ఏకీభవించినంత మాత్రాన రెండూ నిజమని తేలదు, ఎందుకంటే రెండింటి కిందా అదే సీటీ పట్టిక, అదే బీమ్ డేటా ఉండవచ్చు. కనీసం ఒక్క విషమ ఫాంటమ్‌లోనైనా కొలవండి. ఫిల్మ్, సింటిలేటర్లు బ్రాగ్ శిఖరం దగ్గర నిజమైన డోసు కంటే తక్కువ చూపుతాయని గుర్తుంచుకుని, శిఖరంలో సంపూర్ణ డోసుకు అయనీకరణ ఛాంబర్‌నే ఆధారం చేసుకోండి. ఫిల్మ్‌ను పక్కల విస్తరణకు వాడుకోవచ్చు.

తొమ్మిదో అడుగు: జీవ ప్రభావం, కార్బన్

చికిత్సలో భౌతిక డోసును 1.1తో గుణించి రాస్తారు. ప్రోటాన్ అదే డోసు ఎక్స్‌రే కంటే పది శాతం ఎక్కువ ప్రభావం చూపుతుందన్నది దాని వెనుకనున్న స్థిరాంకం. నిజానికి ప్రోటాన్ నెమ్మదించే కొద్దీ దాని ఎల్‌ఈటీ (యూనిట్ దూరానికి కణజాలంలో వదిలే శక్తి) పెరుగుతుంది. చికిత్సా ప్రాంతం మధ్యలో మైక్రోమీటరుకు 2, 3 కిలో ఎలక్ట్రాన్ వోల్టులుండేది చివరి అంచున 10 దాటుతుంది, ప్రభావం కూడా అక్కడ 1.1 కంటే ఎక్కువే. మాంటే కార్లో ఎలాగూ నడుపుతున్నారు కాబట్టి ఎల్‌ఈటీని కూడా అదే పరుగులో లెక్కించి భద్రపరచండి. ఏ కణాలను కలిపి, ఏ సగటు తీసుకున్నారో చెప్పకుండా మాత్రం ఆ అంకెలను ప్రచురించకండి.

కార్బన్ అయాన్లకు వెళ్లాలనుకునేవారు రెండు విషయాలు గమనించాలి. కార్బన్ దారిలో ముక్కలై, తేలికైన ఆ ముక్కలు శిఖరం దాటి కూడా వెళ్లి డోసు తోకను వదులుతాయి. ఆ తోక సరిగా రావాలంటే కేంద్రక మోడళ్ల ఎంపికే కీలకం. ఇక జర్మనీలో పుట్టిన ఎల్‌ఈఎమ్, జపాన్‌లోని చీబాలో వాడే ఎంకేఎమ్ వేర్వేరు జీవ నమూనాలు. కనుక ఒక కేంద్రం రాసిన ప్రభావ డోసు, మరో కేంద్రం రాసిన అదే అంకె ఒకే భౌతిక డోసును సూచించవు.

పదో అడుగు: మరొకరు తిరిగి చేయగలిగేలా రాయడం

వ్యాసంలో ప్రోగ్రామ్ పేరుతోపాటు వెర్షన్ సంఖ్య, ఫిజిక్స్ లిస్ట్ (సిమ్యులేషన్‌లో వాడిన భౌతిక నమూనాల జాబితా), కణాలను పుట్టించే కటాఫ్, వోక్సెల్ పరిమాణం, నీటి ఉత్తేజక శక్తి, కణాల సంఖ్య, డోసు నిర్వచనం తప్పకుండా ఉండాలి. పారామీటర్ ఫైళ్లను, పలకల ఫాంటమ్ ఫలితాలను అనుబంధంగా జతచేయండి. రోగి డేటాను ఇవ్వలేకపోయినా ఆ పలకలను ఎవరైనా తమ కంప్యూటర్‌లో కట్టుకోగలరు. మీ అంకెలు వారికి రాకపోతే, తేడా మొదలైన అడుగు ఏదో అక్కడి నుంచే వెతుక్కోగలరు.